ప్రతినిధి చెప్పవలసిన లెక్క

శాసనసభా సమావేశములు ముగిసి సభ్యులు తమ తమ నియోజకవర్గములకు మరలినప్పుడెల్ల మనకొక తంతు కానవచ్చుచున్నది. కూడలులయందు సభ్యుని నిలువెత్తు ఫ్లెక్సీలు వెలయును. శంకుస్థాపనల ఛాయాపటములును, పూలదండల ఛాయాపటములును, వినతిపత్రములు స్వీకరించు ఛాయాపటములును వాట్సాపు ద్వారమున ఇంటింటికిని చేరును. ఏ వీధికి సిమెంటు రోడ్డు పడినదో, ఏ ఊరికి నీటిట్యాంకు మంజూరయినదో అందు వ్రాసియుండును. ఇవియన్నియు చూచిన పిమ్మట ఒక రైతు గాని, పట్టణమందలి వర్తకుడు గాని, "అయ్యా, ఈ సమావేశములో మన సభ్యుడు ఏ చట్టమునకు సమ్మతించెను? మన భూమి విషయమున ఏ మార్పు వచ్చెను? మనమిచ్చు పన్ను ఎచ్చట వ్యయపడుచున్నది?" అని అడిగినచో బదులు చెప్పువారు కానరారు. ఈ మౌనమును గూర్చియే నేడు మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

పొలము చూచుకొనుటకు మనము గుమాస్తాను పెట్టుకొందుము. సంవత్సరాంతమున అతడు చిట్టా ఆవర్జాలు మనయెదుట పెట్టి, ఇంత పండినది, ఇంత అమ్మితిని, ఇంత కూలికి పోయినది, ఇంత బాకీ నిలిచినది అని చెప్పవలెను. లెక్క చూపక, గాదెకు క్రొత్తగా సున్నము వేయించితినని మాత్రము చూపువానిని ఏ గృహస్థును మరుసటి యేడు ఉంచుకొనడు. శాసనసభ్యుడు గుమాస్తా కాడు. అతని పదవి అంతకంటె గౌరవమైనది. కాని గౌరవము హెచ్చినకొలది లెక్క చెప్పవలసిన బాధ్యత హెచ్చును గాని తగ్గదు. పొలము గుమాస్తా పాడుచేసినచో ఒక కుటుంబము నష్టపడును. చట్టము తొందరపాటున చేయబడినచో రాష్ట్రమంతయు నష్టపడును.

ఇది ఊరక చెప్పు మాట కాదు. మన తెలుగునాట ఇటీవల భూమినిగూర్చి చేయబడిన రెండు చట్టముల చరిత్రయే ఇందుకు నిదర్శనము.

ఆంధ్రప్రదేశ శాసనసభ 2022వ సంవత్సరమున భూమి హక్కుల చట్టమును ఆమోదించెను. 2023లో దానికి రాష్ట్రపతి సమ్మతి లభించినది. ఆ సంవత్సరము అక్టోబరు 31వ తేదీని అది అమలులోనికి వచ్చెను. దాని సారాంశమును ఒక్క మాటలో చెప్పవలెనన్న, భూమిపై హక్కును అంతిమముగా నిర్ణయించు క్రొత్త రిజిస్టరు నొకదాని నది ఏర్పరచెను. ఆ రిజిస్టరులో ఒకరి పేరు నమోదయి రెండు సంవత్సరములలోగా ఎవరును ఆక్షేపింపనిచో ఆ నమోదే తిరుగులేని హక్కు కాగలదు. తగవు వచ్చినచో సివిలు కోర్టునకు పోవుటకు వీలులేక, ప్రభుత్వము నియమించు అధికారుల యెదుటను, అటుపిమ్మట హైకోర్టునందును చెప్పుకొనవలసియుండెను. తాతలనాటినుండి మునసబు కోర్టు గడపయే శరణ్యమని నమ్ముకొనియున్న రైతునకు ఇది ఎంతటి మార్పో వేరుగ చెప్పనక్కరలేదు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావల అమెరికాలోనో ఉద్యోగము చేయుచు స్వగ్రామమున నాలుగెకరములు నిలుపుకొన్నవారికి ఆ రెండు సంవత్సరముల గడువు మరింత ముఖ్యమైనది.

అయినను, ఈ చట్టము బిల్లుగా నున్న కాలమున ఏ గ్రామమందు ఏ సభ్యుడు రచ్చకట్టపై నిలిచి దీనిని రైతులకు చదివి వినిపించెను? న్యాయవాదులు ఆందోళనకు దిగిన పిమ్మటగాని పట్టణములయందు దీని పేరు వినబడలేదు. 2024 వేసవిలో ఎన్నికలు వచ్చినపిమ్మటగాని గ్రామములయందు వినబడలేదు. అప్పుడైనను వినబడినది చట్టమందలి నిబంధనలు కావు. ఒక పక్షమువారు భూములు పోవునని చెప్పిరి. రెండవ పక్షమువారు భూములకు శాశ్వతరక్షణ కలుగునని చెప్పిరి. రైతు భయమున ఒకసారి, ఆశతో ఒకసారి ఉభయుల మోములను చూచెను. ఆ సంవత్సరము జూలైలో క్రొత్త శాసనసభ ఆ చట్టమును రద్దుచేసెను. చట్టము మంచిదా, చెడ్డదా యను విచారణకు మేమిచ్చట పూనుకొనము. చేయునపుడును ప్రజలకు బోధపరచలేదు, తీసివేయునపుడును బోధపరచలేదు అనుటయే మా ఆక్షేపణ.

తెలంగాణమందలి కథయు వేరుకాదు. అచ్చట 2020 సెప్టెంబరులో భూమిహక్కుల రికార్డులకును పట్టాదారు పాసుపుస్తకములకును సంబంధించిన బిల్లు సభయెదుటికి వచ్చి, ఆ నెలలోనే ఉభయసభల ఆమోదమును పొందెను. 1971వ సంవత్సరపు పాత చట్టము తొలగిపోయెను. అక్టోబరు 29వ తేదీని 'ధరణి' ప్రారంభమయ్యెను. తహసీలుదారు కచేరీలోనే రిజిస్ట్రేషను, అచ్చటనే వెంటనే పేరుమార్పు జరుగుట అందలి సదుపాయము. దానిని మెచ్చినవారు కలరు. కాని రికార్డులో తప్పు పడినచో దిద్దుకొను మార్గము కష్టతరమయ్యెను. ఇంటిపేరులో ఒక అక్షరము మారినను, సర్వేనంబరులో విస్తీర్ణము తగ్గినను, పాసుపుస్తకము రాక నిలిచిపోయినను, క్రింది అధికారి తనకు అధికారము లేదని చేతులెత్తుచుండెను. రైతు కలెక్టరు కచేరీకో, సివిలు కోర్టుకో తిరుగవలసివచ్చెను. తుదకు 2024 డిసెంబరులో సభ మరియొక బిల్లును ఆమోదించగా, 2025 ఏప్రిల్ 14వ తేదీనుండి 'భూభారతి' పేర క్రొత్త చట్టము అమలులోనికి వచ్చినది. తప్పులపై అప్పీలు చేసుకొను మార్గము అందు మరల కల్పింపబడినది.

ఇప్పుడు పాఠకులు ఒక సంగతి యోచింపవలెను. తప్పు దిద్దుకొను మార్గమేది యను ప్రశ్న 2020 సెప్టెంబరులోనే గ్రామములయందు చర్చింపబడియుండినచో, ఆ ప్రశ్నను వేయుటకు గొప్ప న్యాయశాస్త్రవేత్త కావలసియుండెనా? అడంగలులోను పహాణీలోను తప్పులు పడుట ఎట్టిదో ఎరిగిన ఏ ముసలిరైతైనను మొదటిదినముననే అడిగియుండును. ఆ ముసలిరైతు మాట సభకు చేరలేదు. చేర్చవలసినవాడు చేర్చలేదు. రెండు రాష్ట్రములందును, వేర్వేరు పక్షముల ప్రభుత్వములయందును, జాడ్యమొక్కటియే. చట్టము తయారయిన పిమ్మట ప్రజలకు తెలియును. బాధ కలిగిన పిమ్మట అర్థమగును. ఎన్నిక వచ్చిన పిమ్మట మారును. ఈ నడుమ పోయిన కాలమునకును, ధనమునకును, నిద్రకును జవాబుదారి ఎవరు?

పూర్వమిట్లు లేదనుటకు ఒక దృష్టాంతము చెప్పెదము. 1937లో చెన్నరాజధానియందు కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడెను. అప్పటి ఓటుహక్కు ఆస్తికిని విద్యకును కట్టుబడి కొద్దిమందికే కలదు. అయినను, జమీందారీ గ్రామములలోని రైతుల కష్టములను విచారించుటకు రివిన్యూమంత్రి టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను శాసనసభలవారి కమిటీ యొకటి నియమింపబడి, రైతులయొద్దను జమీందారులయొద్దను సాక్ష్యములు గైకొని, 1938లో నివేదికను సమర్పించెను. 1939లో మంత్రివర్గము రాజీనామా ఇచ్చుటచే ఆ పని అప్పటికి నిలిచినది. కాని నాడు ప్రజలనుండి వచ్చిన ఆ విషయము ప్రజలలోనే నిలిచి, 1948లో జమీందారీ రద్దు చట్టమునకు దారితీసెను. ఓటు కొందరికే యున్న దినములలో భూమిచట్టమునకు ముందు రైతును పిలిచి అడిగిరి. ప్రతి వయోజనునకును ఓటున్న ఈ దినములలో చట్టమైన పిమ్మట అతనికి తెలియుచున్నది. దీనిని అభివృద్ధి యనవచ్చునా?

ఇతరదేశముల వారిని చూచినను మనకు పాఠము లేకపోలేదు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులోని హల్ పట్టణమునకు ఆండ్రూ మార్వెల్ అను కవి పార్లమెంటుసభ్యుడుగ నుండి, 1678లో మరణించువరకు ఆ స్థానమున నిలిచెను. నేడాయనను లోకము కవిగానే ఎరుగును. కాని ఆయన సభలో జరిగిన సంగతులను, రాబోవు పన్నులను, తమ ఓడరేవునకు సంబంధించిన బిల్లులను గూర్చి తన పట్టణసంఘమువారికి ఎడతెగక జాబులు వ్రాయుచుండెను. వానిలో దాదాపు 300 జాబులు నేటికిని నిలిచియున్నవి. తంతి లేదు, టెలిఫోను లేదు, గుఱ్ఱపు తపాలా మాత్రము కలదు. మూడున్నర శతాబ్దముల క్రిందట గుఱ్ఱము మోసికొనిపోయిన వృత్తాంతమును నేడు అరచేతిలోని యంత్రము మోయలేకున్నదా?

మరియొకరు ఎడ్మండు బర్కు. 1774లో బ్రిస్టలు ఓటరులు ఆయనను ఎన్నుకొన్నప్పుడు, ప్రతినిధి తన వివేకముననుసరించి నడుచుకొనవలెను గాని ఓటరుల ఆజ్ఞలకు కట్టుబడరాదని ఆయన వారి మొగముననే చెప్పెను. ఈ మాటను మనవారిలో కొందరు తమకు కవచముగ వాడుకొనుట కలదు. కాని కథయొక్క రెండవభాగమును వారు చెప్పరు. 1780లో ఆయన మరల బ్రిస్టలునకు పోయి, ఐర్లండు వర్తకవిషయమునను, ఋణగ్రస్తుల విషయమునను, కాథలికుల విషయమునను తానేల అట్లు నడచుకొంటినో ఒక్కొక్క కారణముగ విప్పి చెప్పెను. ఓటరుల ప్రీతి తనకు లేదని తెలిసి పోటీనుండి విరమించెను. స్వతంత్రముగ నుండెదనన్నవాడును లెక్క చెప్పుట మానలేదు. మనవారు స్వతంత్రముగను ఉండరు, లెక్కయు చెప్పరు.

ఇచ్చట సభ్యులు చెప్పుకొను సమాధానములను కూడ మనము వినవలెను. "మా ఓటు మాది కాదు, పార్టీ విప్పునకు కట్టుబడియున్నాము" అని వారందురు. ఇందు కొంత సత్యము కలదు. 1985లో రాజ్యాంగమునకు జరిగిన 52వ సవరణముచే పదవ షెడ్యూలు చేరి, పార్టీ ఆజ్ఞకు విరుద్ధముగ ఓటు వేసినను, ఓటు మానినను సభ్యత్వము పోవు ప్రమాదమేర్పడినది. పక్షములు మార్చు దురాచారమును మాన్పుటకు పెట్టిన ఈ మందు, సభ్యుని నోటికి తాళముగ పరిణమించుట విచారకరము. కాని ఆ నిబంధన చెప్పునది ఓటును గూర్చి. బిల్లు ప్రతిని ఇంటికి తెచ్చి ఓటరులకు చదివి వినిపింపరాదని అందు లేదు. ప్రశ్న వేయరాదని లేదు. రైతుల సందేహములను మంత్రికి తెలుపరాదని లేదు. బిల్లును ప్రజాభిప్రాయమునకు పంపవలెననియో, సెలెక్టు కమిటీకి అప్పగింపవలెననియో కోరుటకు సభానియమములు అవకాశమిచ్చుచున్నవి. చేతికి సంకెల యున్నదని కాలును కదపకుండుట న్యాయమా?

"సభ జరుగు దినములే తక్కువ, మాకు మాటాడ వ్యవధి చాలదు" అనునది రెండవ సమాధానము. ఇదియు నిజమే. రాజ్యాంగములోని 174వ అధికరణము రెండు సమావేశముల నడుమ ఆరునెలలకు మించి ఎడము ఉండరాదని మాత్రము చెప్పుచున్నది. ఎన్ని దినములు కూర్చుండవలెనో చెప్పలేదు. అందుచే అక్షరము నిలుపుటకు నాలుగు దినములు కూడి లేచిపోవుట సాధ్యమగుచున్నది. కేరళ శాసనసభ 1980 నుండియు విషయసంఘముల నేర్పరచుకొని, శాఖల పద్దులను బిల్లులను వానిచే పరిశీలింపజేయుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2014లో, బిల్లుల ముసాయిదాలను కనీసము 30 దినములు ప్రజలయెదుట పెట్టవలెనని తన శాఖలకు విధాన మేర్పరచెను; అది రాష్ట్రములను కట్టివేయదు గాని, దానిని అనుసరించుటకు మనకు అడ్డేమి? ఐనను, సభలో వ్యవధి చాలదను సభ్యుడు సభ లేని కాలమున తన ఊళ్లలో మాటాడుటకు వ్యవధి చాలదని చెప్పజాలడు.

ఇక శంకుస్థాపనల సంగతి. రోడ్డు, కాలువ, వీధిదీపము అవసరము కావని మేమనము. అవి ఎవరి పని యనుటయే ప్రశ్న. 1992లో చేయబడిన 73వ, 74వ రాజ్యాంగసవరణములు గ్రామపంచాయతీలకును మునిసిపాలిటీలకును రాజ్యాంగస్థానమునిచ్చినవి. పంచాయతీల కప్పగింపదగిన విషయములు పదునొకండవ షెడ్యూలులో 29 కలవు. త్రాగునీరు, గ్రామ రహదారులు, పారిశుద్ధ్యము అందులోనివే. ఈ పనులకు సర్పంచి కలడు, వార్డు సభ్యులు కలరు, గ్రామసభ కలదు. శాసనసభ్యుడు వారి పనిని తనదిగ చెప్పుకొన్నచో రెండు నష్టములు కలుగును. సర్పంచి అతని గుమ్మమున నిలుచు బంటగును. శాసనసభ్యుడు తాను మాత్రమే చేయగల పనిని, అనగా చట్టమును శోధించుట, ఆయవ్యయపట్టికను ప్రశ్నించుట, ఆడిటరు జనరలు నివేదికను చదువుట అను పనిని వదలిపెట్టును. స్థానికస్వపరిపాలనమునకై మన పెద్దలు అరువది డెబ్బది సంవత్సరములు వాదించిరి. ఆ సంపాదనను మన ప్రతినిధులే కాజేయుట తగునా?

అయినను దోషమంతయు సభ్యునిపై మోపుట ధర్మము కాదు. మనము అతని యింటికి పోవునది ఎందులకు? బదిలీకి సిఫారసు జాబు కొరకు, పోలీసు కేసులో మాటసాయము కొరకు, పెండ్లికి పిలుచుట కొరకు. "మొన్నటి బిల్లులో పదవ నిబంధన అర్థము కాలేదు, చెప్పుము" అని పోయిన పెద్దమనిషి ఎంతమందిలో ఒకడు? అడిగినదానికే మనుష్యుడు సిద్ధపడును. భూవసతిగలవారును, చదువుకొన్నవారును ఈ విషయమున ఇతరులకంటె ఎక్కువ బాధ్యులు. ఏలయన, పాసుపుస్తకములో తప్పుపడినచో పదియెకరముల ఆసామి ప్లీడరును పెట్టుకొని నిలువగలడు; అరయెకరము రైతు నిలువలేడు. అతని ప్రశ్నను కూడ మనమే అడుగవలసియున్నది.

పత్రికలవారమైన మాకును ఇందు పాలు లేకపోలేదు. సభలో సభ్యులు ఒకరినొకరు దూషించుకొన్న దినమున మా మొదటి పుటలు నిండును. బిల్లులోని నిబంధనలను విడమరచి వ్రాయుటకు లోపలి పుటలోనైనను చోటు దొరకదు. ఈ తప్పును ఒప్పుకొనక ఇతరులకు నీతులు చెప్పుట మాకు సిగ్గుచేటు.

కావున మేము కోరునది స్పష్టముగ చెప్పెదము. ప్రతి సమావేశము ముగిసిన పదునైదు దినములలోగా ప్రతి శాసనసభ్యుడును తన నియోజకవర్గమునకు తెలుగున ఒక నివేదనపత్రమును వెలువరింపవలెను. అది నాలుగు పుటలకు మించనక్కరలేదు. సభ ఎన్ని దినములు జరిగినది, తానెన్ని దినములు హాజరయినది, ఏ ప్రశ్నలు వేసినది, వానికి వచ్చిన జవాబులేవి అని అందు వ్రాయవలెను. ఆమోదింపబడిన చట్టము లేవి, అందు రైతునకు, వర్తకునకు, కూలివానికి సంబంధించిన నిబంధన లేవి, తానేల సమ్మతించెను లేక వ్యతిరేకించెను అని వ్రాయవలెను. తన నియోజకవర్గమునకు మంజూరయిన సొమ్మెంత, వ్యయమయినదెంత, నిలిచినదెంత అని వ్రాయవలెను. చేయుదునని చెప్పి చేయలేకపోయినదేమో అదియు వ్రాయవలెను. ఈ కడపటి వాక్యము లేని పత్రము నివేదనము కాదు, ప్రకటన మాత్రమే. రాబోవు సమావేశమున రానున్న బిల్లులేవో తెలిసినంతవరకు ముందుగా తెలుపవలెను. ఆ పత్రమును పంచాయతీ కచేరీయందును గ్రంథాలయమునందును అంటింపవలెను, గ్రామసభలో చదివింపవలెను. చట్టముల ప్రామాణికపాఠము ఆంగ్లమున నుండుటచే, ఈ తెలుగు వివరణ మరింత అవశ్యకము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము కచేరీలు అడుగకయే తమ సంగతులను వెల్లడింపవలెనని నిర్దేశించుచున్నది. గుమాస్తాలకు విధించిన ధర్మమును ఆ చట్టములు చేయు సభలోని వారు స్వయముగ పాటించిన వారి గౌరవము తగ్గదు.

ఆంధ్రప్రదేశమున 175 మంది, తెలంగాణమున 119 మంది శాసనసభ్యులకు స్థానములు కలవు. వారందరును ఒక్కసారి ఇట్లు చేయుదురని మేము ఆశింపము. ఒక్కడు చేసిన చాలును. ప్రక్క నియోజకవర్గమువారు "మాకేది పత్రము?" అని అడుగుదురు. ఆ అడుగుటయే కావలసినది. 1892 నాటి చట్టముచే మన పెద్దలకు సభలో ప్రశ్న వేయు హక్కు మాత్రము లభించినది. అనుబంధ ప్రశ్నకైనను వీలులేకుండెను. ఆ చిన్నహక్కునే వారు ఆయుధముగ చేసికొని పరప్రభుత్వమును నిలదీసిరి. సమస్తహక్కులును సంపాదించుకొన్న మనము, మనవానినే, మన ఊరిలోనే, మన భూమినిగూర్చియే ఒక ప్రశ్న అడుగుటకు సంకోచింపనేల? రాబోవు భూమిచట్టము ఏదో మనకు తెలియదు. అది వచ్చునప్పటికి మనము మేలుకొనియుండుట మన చేతిలోనున్నది.